పసుపు లేని వంట

"ఏమ్మా, మీ ఇంట్ల యెవురన్నా పోయినారా?"

సీమంతం పంక్తిలో కూచుని, విస్తట్లో వేలు కూడా పెట్టకుండా హనుమంతమ్మ అడిగిన ప్రశ్న ఇది. అడిగింది వంట చేసిన హేమావతిని. ఆ మాటతో పంక్తిలో అందరూ ఎవరి ఆకు వాళ్ళు చూసుకున్నారు. పప్పు వెలిసిపోయిన గోడలాగా పాలిపోయి ఉంది. సొరకాయ సారు తెల్లగా ఉంది. ముల్లంగి కూర ఇంకా తెల్లగా ఉంది. దేనిలోనూ పసుపు లేదు. హనుమంతమ్మ వాళ్ళ వైపు పసుపు లేకుండా వండేది దినాల నాడే.

గరిటె పట్టుకుని నిలబడిన హేమావతికి అప్పుడుగానీ గుర్తుకు రాలేదు. పసుపు మరిచిపోయినానని కాదు. లోకంలో మిగతావాళ్ళంతా పసుపు వేస్తారని.

ఆ మతిమరుపు వెనక కథ చాలా ఏళ్ళది. హేమావతి పుట్టింది బత్తలపల్లె పక్క పల్లెలో. పుట్టింట్లో చెనిక్కాయల సేద్యం ఉండేది, అంటే విత్తనం కొనడం, ఆకాశం వైపు చూడడం, మళ్ళీ విత్తనం కొనడం. పెళ్ళి చేసుకుని ధర్మవరం వచ్చింది. మొగుడు గోవిందప్ప పట్టుచీరలు నేసేవాడు. సొంత మగ్గం కాదు, షావుకారు షెడ్డులో కూలికి. వచ్చిన ఏడాదే ఒక మధ్యాహ్నం ఆమె పుట్టింటి పద్ధతిలో, చేతికి అంటుకునేంత పసుపేసి ముద్దపప్పు చేసి పంపింది. గోవిందప్ప తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూచున్నాడు. మగ్గం మీద ఉన్నది పెళ్ళికూతురి చీర, మీగడ రంగుది. దారం తెగితే గోటితో ముడేశాడు. గోటి సందులో మిగిలిన పసుపు చీరకు దిగింది.

అంతవరకూ అయితే ఎవరికీ కనపడేది కాదేమో. ఆయన కంగారుపడి సబ్బు తడి రుద్దాడు. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందని నేతగాళ్ళకు తెలుసు. ఆయనకూ తెలుసు. కంగారులో చెయ్యి ముందు నడిచింది, తెలివి తర్వాత వచ్చింది. షావుకారు చీరను వెలుతురులో పరిచి, "ఏమప్పా గోవిందూ, పెండ్లికూతురికి కుంకం గూడా నువ్వే పెట్టి పంపిచ్చినావే" అన్నాడు. ఆ చీర కూలి మొత్తం పోయింది.

గోవిందప్ప ఇంటికొచ్చి, వంటింటి అరలోంచి పసుపు డబ్బా తీసి దేవుని గూట్లో పెట్టాడు. "ఇది ఆయనకి చాలు, నాకొద్దు" అన్నాడు. డబ్బా మళ్ళీ వంటింట్లోకి రాలేదు. దాని వెనకే ఊరగాయ పోయింది, నూనెలో ఎర్రగా తేలే కారం పోయింది. బీట్‌రూట్ అయితే ఆ గడపే తొక్కలేదు. మిగిలిన వాటితో ఎట్లా వండాలో ఆమె వండి వండి నేర్చుకుంది. షెడ్డులో పక్కనున్నవాళ్ళు గోవిందప్ప డబ్బాలోకి తొంగిచూసి మాకూ పంపమన్నారు. అట్లా మొదలైంది. తర్వాత గోవిందప్పకు నడుమూ పోయింది, చూపూ మందగించింది. మగ్గం దిగి కత్తిపీట ముందు కూచున్నాడు. కూరగాయలు ఆయన తరుగుతాడు, ఆమె వండుతుంది, ఆటోలో డబ్బాలు షెడ్డుకు పోతాయి.

వంట గురించి చెప్పాలంటే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అదే దానిలో ఉన్న సుఖం. సొరకాయ ముక్కలు మునిగేటన్ని నీళ్ళు పోసి, ఉప్పేసి ఉడికిస్తుంది. సగం ముక్కలు గరిటెతోనే మెదిపేస్తుంది, సగం అట్లే ఉంచుతుంది. వేయించిన చెనిక్కాయల పొడి పిడికిళ్ళతో వేస్తుంది. మిరియాలూ జీలకర్రా దంచి కలిపి, దించినాక నిమ్మకాయ పిండుతుంది. పొయ్యి మీదుండగా పిండితే చేదెక్కుతుంది. ముల్లంగిని తురిమి, చట్టి వేడెక్కినాక వేసి, వాసన తిరిగేలోపల దించేస్తుంది. ఆకుకూర ఉడికించిన నీళ్ళు పారబొయ్యదు. అందులోనే పప్పుకట్టు, చితక్కొట్టిన వెల్లుల్లి వేస్తే ఇంకో సారు. కోసంబరికి పెసరపప్పు నానబెడుతుంది, కీర దోసకాయ సన్నగా తరిగి, కొబ్బరీ కొత్తిమీరా కలుపుతుంది. ఉప్పు మాత్రం విడిగా పొట్లం కడుతుంది. ముందే కలిపితే దోసకాయ నీరొదిలి డబ్బా అంతా చెరువవుతుంది. అనంతపురం వైపు నీళ్ళు ఊరేది అక్కర్లేని చోటనే.

దీనిలో పూర్వీకుల జ్ఞానం ఎవరైనా వెతికితే వాళ్ళ ఓపిక వాళ్ళది. నూనె తక్కువ, ఎందుకంటే నూనె ధర ఎక్కువ. కూర ఉడికిన నీళ్ళు పారబొయ్యకపోవడానికి కారణం ఎప్పుడొస్తుందో తెలియని నీళ్ళ ట్యాంకరు. పసుపు లేకపోవడానికి కారణం పెళ్ళికూతురి చీర. ఈమధ్య పట్నాల్లో ఇట్లాంటి వంటనే గాజు గిన్నెలో పోసి ఆరోగ్యమని అమ్ముతున్నారు. అమ్ముకోనీ. హేమావతి డబ్బా తినేవాళ్ళెవరూ దాన్ని ఆరోగ్యం అనలేదు.

"హేమక్కా, మేం మగ్గాల్లో కూచున్నోళ్ళమా, ఆస్పత్రిలో పండుకున్నోళ్ళమా?" అని సురేంద్ర అనే నేతగాడు రోజూ మూత తీయగానే అడిగేవాడు.

"ఊరగాయ నంజుకుని చీర మీద చెయ్యి పెట్టు. మీ షావుకారే పండుకోబెడతాడు నిన్ను ఆస్పత్రిలో" అనేది ఆమె.

"రొంత కారమన్నా వెయ్యక్కా, నాలుక బతికుండాదో లేదో తెలుస్తాది."

"నాలుక బతికే ఉండాది. పొద్దస్తమానం వినపడతానే ఉండాదిలే."

ఆ షెడ్డు ఇప్పుడు శ్రీరంగప్పది, పాత షావుకారు కొడుకు. నిరుడు ఆయన షెడ్డులో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోవడం మొదలైంది. గుంత మగ్గం మీద వారాల తరబడి నేసే చీరను మరమగ్గం చాలా తొందరగా తీసేస్తుంటే, అంగడికొచ్చే ఆడవాళ్ళు రెంటినీ పక్కపక్కన పెట్టి చూసి తక్కువ ధరది తీసుకుపోతున్నారు. వాళ్ళనీ తప్పు పట్టలేం. మగ్గం ఆగినప్పుడల్లా హేమావతికి ఒక డబ్బా తగ్గేది. పొద్దున్నే డబ్బాలు కడిగి బోర్లించేటప్పుడు, మూతబడి అట్లే ఉండిపోయినవి ఒక పక్కకు చేరుతుండేవి. ఆమె మోకాళ్ళు అప్పటికే మాట వినడం మానేశాయి. వంట మానేస్తే బాగుండు అని రోజూ అనిపించేది. మానేస్తే తినేది ఏంది అని కూడా రోజూ అనిపించేది.

ఆ రోజుల్లోనే శ్రీరంగప్ప ఇంటికొచ్చాడు. ఆయన అంతకు ముందు ఆ ఇంటి మెట్టెక్కింది లేదు. గోవిందప్ప కత్తిపీట పక్కకు తోసి లేవబోతే, "కూచో మామా, నడుము జాగర్త" అని తను గడప మీదే కూచున్నాడు.

"హేమక్కా, మా కోడలికి కడుపుతో షుగర్ వచ్చిందంట. అనంతపురం డాక్టరమ్మ అన్నం తగ్గించు, కూరగాయలు తిను అనింది. సీమంతం పెట్టుకున్యాము. వచ్చేటోళ్ళల్లో గూడా సగంమంది షుగరోళ్ళే. మగ్గాల కాడికి పంపిస్తావు చూడు, అచ్చం అట్లనే చెయ్యి."

"శుభకార్యానికి అట్లెట్లన్నా? తీపి లేకుండా, ఓళిగలు లేకుండా?"

"ఓళిగలు వేరేవాళ్ళతో చేపిస్తాలే. నువ్వు నీది చెయ్యి. దాంట్లో మళ్ళా ఏం మార్చొద్దు."

పోతూ పోతూ ఇంకో మాటన్నాడు. కోడలు పద్మప్రియ, పొద్దున్నే కాలేజీ మైదానంలో నడిచే ఆడవాళ్ళతో స్నేహం చేసుకుంది. వాళ్ళందరికీ ఏదో ఒక జబ్బు, అందరికీ డాక్టర్లు చెప్పింది ఇదే. ఇళ్ళల్లో చేసుకునే ఓపిక లేదు. "సీమంతంలో తిని నచ్చితే దినామూ నీ కాడనే డబ్బా తీసుకుంటారంట. అడిగినారు నన్ను" అన్నాడు.

ఆయన పోయినాక గోవిందప్ప అన్నాడు: "మగ్గాలు పోతే షుగరోళ్ళు వస్తాండారు. దేశంలో అదొక్కటీ తగ్గదులే. ధైర్నంగా ఉండు."

హేమావతి నవ్వలేదు. లెక్క తేలిగ్గానే ఉంది. ఈ ఒక్క వంట నిలబడితే ఆమె పొయ్యి ఇంకొన్నేళ్ళు వెలుగుతుంది. నిలబడకపోతే, బోర్లించిన డబ్బాలు.

సీమంతం రోజు ఇల్లంతా పసుపే. గడపలకు పసుపు, తోరణం దారానికి పసుపు, వచ్చిన ప్రతి ముత్తైదువ కాళ్ళకూ పసుపు. కుర్చీలో కూచోబెట్టిన పద్మప్రియ చెంపలు ఎండలో పండిన నిమ్మకాయల్లా ఉన్నాయి. పెద్ద పళ్ళెంలో పసుపు గుట్టగా పోసి వరండాలో పెట్టారు. హేమావతి పెరట్లో రేకుల కింద వండుతూ ఆ పళ్ళెం పక్కనుంచే ఎన్నో మార్లు తిరిగింది. ఒక్కమారైనా ఆమెకు తోచలేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న దినుసుల డబ్బాలో పసుపు గిన్నే లేదు. ఉన్న గిన్నెలన్నీ నిండి ఉన్నాయి, అంతే చూసుకుంది. అంత ఎండలో, అంత పొగలో, చెయ్యి తనకు తెలిసిన దారినే పోయింది.

పంక్తి వేశారు. మొదటి వరసలో సోమందేపల్లె నుంచి వచ్చిన పద్మప్రియ పుట్టింటివాళ్ళు. వాళ్ళల్లో పెద్దామె హనుమంతమ్మ, పద్మప్రియకు అవ్వ. ఆమె అడిగిన ప్రశ్న మొదట్లోనే చెప్పుకున్నాం.

"పోలేదవ్వా, ఎవురూ పోలేదు" అంది హేమావతి.

"మరిదేందమ్మా? నా కొడుకు పోయినప్పుడు తిన్న్యా ఇట్లాంటి కూడు. ఆ కొడుకు కూతురికి సీమంతం జేస్తాంటే మళ్ళా అదే ఆకులో పెడ్తారా?"

హనుమంతమ్మ తగువుకు అడగలేదు. గొంతు పెంచలేదు. విస్తరి ముందు నుంచి మెల్లగా లేచింది. ఆమె లేస్తే పక్కనున్నామె లేచింది, తర్వాత వరసంతా లేచింది. నడక స్నేహితులు, పట్నం మనుషులు, ఏమైందో తెలియక ఒకరి మొహాలొకరు చూసుకుంటూ వాళ్ళూ లేచారు.

శ్రీరంగప్ప పెరట్లోకి వచ్చాడు. మొహం కందిపోయి ఉంది. "ఏందక్కా ఇది? వియ్యాలోళ్ళ ముందర నా పరువు గంగలో కలిపితివి."

"మగ్గాల కాడికి పంపేది అచ్చం అట్లనే చెయ్యమంటివి కదన్నా."

"పసుపు యెయ్యొద్దని చెప్పినానా?"

"యెయ్యమనీ చెప్పలేదు."

"ఎవురన్నా చెప్పాల్నా దాన్ని? సీమంతంలో పసుపు యెయ్యాలని గూడా చెప్పాల్నా?"

ఆ మాట నిజమే. ఆమెకూ తెలుసు నిజమని. ఆయన అన్న 'అచ్చం అట్లనే' కూడా నిజమే. రెండు నిజాలనూ అక్కడ నిలబెట్టి తూకం వెయ్యడానికి టైము లేదు. హేమావతి వరండాలోకి పోయి, కాళ్ళకు పూసే పసుపు పళ్ళెం ఎత్తుకొచ్చింది. అది వంటింటి పసుపులాంటిదే, గంధప్పొడి రొంత కలిపి ఉంది. పప్పులో ఒక పిడికెడు, సారులో ఒకటి, ముల్లంగిలో ఒకటి వేసి కలియబెట్టింది. కోసంబరిలో కూడా చల్లింది. పసుపు నూనెలో వేగాలి, లేకపోతే కూరతో పాటన్నా ఉడకాలి. పై నుంచి చల్లితే పచ్చి వాసన కొడుతుంది. అది ఆమెకు తెలియక కాదు. అన్నీ పచ్చగా అయ్యాయి. పిల్లలు రంగులేసిన బొమ్మల్లా అయ్యాయి.

మళ్ళీ పంక్తి కూచుంది. హనుమంతమ్మ కళ్ళొత్తుకుని ఒక ముద్ద తింది. "ఇప్పుడు ఇంటి కూడు మాదిరి ఉండాది" అంది. మిగతావాళ్ళూ తల ఊపారు. మంచి వంట ముందర లేచిపోయినవాళ్ళు, చెడిన వంట ముందర నిమ్మళంగా కూచుని తిన్నారు. శుభం నిలబడింది. రుచి ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆచారాలకు నాలుక ఉండదు, కళ్ళుంటాయి అంతే. కానీ ఆ ముసలామె కళ్ళల్లో ఉన్నది ఆచారం కాదు, కొడుకు. అందుకే హేమావతికి కోపం తెచ్చుకోవడం కూడా చేతకాలేదు.

నడక స్నేహితులు మర్యాద తెలిసినవాళ్ళు. సారు ఒక గుక్క తాగారు. గంధం కలిసిన పచ్చి పసుపు గొంతులో అడ్డం పడితే గ్లాసులు పక్కకు జరిపి, డాక్టర్లు వద్దన్న ఓళిగల మీద నెయ్యి వేయించుకుని తిన్నారు. పోయేటప్పుడు తాంబూలం తీసుకున్నారు. హేమావతి ఫోను నంబరు ఎవరూ అడగలేదు.

అంట్లు సర్దుకుంటుంటే పద్మప్రియ నడుం పట్టుకుని పెరట్లోకి వచ్చింది. గొడవంతా జరుగుతున్నప్పుడు ఆమె కుర్చీ ముందర పీట మీద ముందే వడ్డించిన ఆకుంది. అందరూ పంక్తిలోంచి లేచి నిలబడుంటే ఆ అమ్మాయి తల వంచుకుని దానిలో ఉన్నదంతా తినేసింది. నెలల తరబడి కూరల్లో ఉడికిన పసుపు వాసన, పోపు వాసన తగిలితే చాలు వాంతి వస్తోందట ఆమెకు. ఇంట్లో చెప్తే ఎవరూ నమ్మలేదట.

"అత్తా, పసుపు వెయ్యని సారు ఏమన్నా మిగిలిందా?"

"లేదమ్మా. అన్నిట్లో వేసేస్తి."

"అయ్యో. ఎందుకేస్తివి అన్నిట్లో?"

హేమావతి ఆమె మొహంలోకి చూసింది. ఆ రోజు ఆమెకు నవ్వొచ్చింది ఆ ఒక్కమారే. అదీ సగమే.

"రేపు పంపిస్తాలే" అంది.

పంపింది. మర్నాడు మొదలుకుని రోజూ పంపింది. సొరకాయ సారు, బీరకాయ సారు, ముల్లంగి, కోసంబరి, విడిగా ఉప్పు పొట్లం. పద్మప్రియ చేతిలో సొంత దుడ్లు ఉండవు, ఇంట్లో పైసా కూడా మామగారి జేబులోంచే రావాలి. ఆయన చూద్దాంలే అంటాడు. సీమంతం వంటకు సగమే, ఆరు వేలే ఇచ్చాడు. "సగం చెడిపోయింది కదక్కా, సగం చెడినదానికి మొత్తం యెట్లిచ్చేది" అన్నాడు. చెడగొట్టింది ఆమెనా, తను చెప్పిన మాటా అనేది ఆయన లెక్కలోకి రాలేదు.

తర్వాత షెడ్డులో మగ్గం గుంతలు కంకరతో పూడ్చి సిమెంటు చేశారు. వాటి మీద మరమగ్గాలు దిగాయి. వాటి దగ్గర పనిచేసే పిల్లలకు చేతి పసుపు భయం లేదు, వీధి చివర బండి దగ్గర ఎగ్ ఫ్రైడ్ రైసు తింటారు. సురేంద్ర కూడా మరమగ్గానికే మారాడు. దారిలో ఎదురుపడితే, "హేమక్కా, ఇప్పుడు కారం బాగా తింటాండా. కడుపులో మంట. నీ ఆస్పత్రి సారే మేలుండె" అన్నాడు. డబ్బా మాత్రం అడగలేదు.

ఇండ్లల్లో గుంత మగ్గం ఇంకా వదలని ముసలి నేతగాళ్ళు కొందరున్నారు, వాళ్ళకు పసుపు లేకుండా పంపుతుంది. పద్మప్రియ తనే పూనుకుని నడక స్నేహితుల్లో ఇద్దరిని ఒప్పించింది. వాళ్ళకు మాత్రం పసుపు వేసే పంపమంది. 'బాగోదండీ లేకపోతే, ఇంట్లో పెద్దవాళ్ళున్నారు' అన్నారట. కాబట్టి ఇప్పుడు హేమావతి అన్నీ రెండేసి చట్లలో వండుతుంది. సంపాదన పాతదాంట్లో సగం, పని దాదాపు అంతే. పసుపు వేసిన డబ్బాల పిడికి గోవిందప్ప పసుపు దారం కడతాడు, తారుమారు కాకుండా.

దేవుని గూట్లోంచి పసుపు డబ్బా దించింది కూడా ఆయనే. "ఇన్నేండ్లు ఆయన వాడుకున్న్యాడు, ఇంక మనం వాడుకుందాం" అన్నాడు. దాన్ని పొయ్యికి దూరంగా, చెయ్యి చాచి అందుకోవాల్సిన చోట, దానికే ఒక చెంచా వేసి పెట్టింది ఆమె. అయినా వారంలో ఒకరోజన్నా మరిచిపోతుంది. గోవిందప్ప కత్తిపీట మీద నుంచే అరుస్తాడు: "మే, పసుపు!" ఆమె మోకాలు పట్టుకుని లేచి, పోయి, వేసి, వచ్చి కూచుంటుంది.

పద్మప్రియకు ఆడపిల్ల పుట్టింది, తల్లీ పిల్లా బాగున్నారు. పేరు పెట్టే రోజుకు శ్రీరంగప్ప మళ్ళీ కబురు పెట్టాడు. "ఈ తూరి పసుపు దండిగా వెయ్యక్కా. పాతదీ కొత్తదీ కలిపి ఆ పొద్దే తీర్చేస్తా" అన్నాడు. ఆమె దండిగా వేసింది, నూనెలో వేయించి మరీ వేసింది. హనుమంతమ్మ రెండోమారు పప్పు అడిగి వేయించుకుంది. ఆ రోజు వంట డబ్బులు వచ్చాయి. సీమంతం వంట బాపతు ఆరు వేలు ఇంకా రావాలి.